టోపోవ్యూ పాత మ్యాపులు: రాంచ్ నీళ్ళ వెతుకులాటలో కొన్నేళ్ళ వాడకం

పశ్చిమ టెక్సస్‌లో రాంచ్ (పశువుల్ని మేపే పెద్ద భూమి) కొనేవాళ్ళకు పాత బావులు, కుంటలు ఎక్కడున్నాయో వెతికిపెట్టడం నా ఉద్యోగంలో భాగం. ఏ భూమి పని వచ్చినా ముందు తెరిచేది అమెరికా ప్రభుత్వ మ్యాపుల సంస్థ యూఎస్ జియలాజికల్ సర్వే వాళ్ళ టోపోవ్యూ సైటే. 1884 నుంచి 2006 దాకా అచ్చయిన టోపో షీట్ల (కొండలు, వాగులు, కట్టడాలు వివరంగా చూపే మ్యాపులు) స్కాన్లు అందులో ఉచితంగా దొరుకుతాయి.

నాకు ఎక్కువగా పనికొచ్చేవి 1:24,000 స్కేలువి, అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేలమీద 240 మీటర్లు. బావి నీళ్ళు తోడే గాలిమర ఉంటే పక్కనే నల్ల అక్షరాల్లో రాసి ఉంటుంది. మట్టికట్ట వేసిన కుంట నీలం రంగులో కనిపిస్తుంది. వానలకే పారే వాగైతే గీతకూ గీతకూ మధ్య మూడు చుక్కలు. ఒకసారి అలా గాలిమర రాసి ఉన్న చోటికి వెళ్తే రెక్కలు ఎప్పుడో ఊడిపోయాయి, ఇనప టవర్ ఒక్కటే మిగిలింది. దాని కాళ్ళ మధ్య తుప్పు పట్టిన కేసింగ్ పైపు, మూతగా ఓ బండరాయి. అక్కడ బావి ఉందని భూమి యజమానికే తెలియదు! 2009 నుంచి వస్తున్న కొత్త యూఎస్ టోపో మ్యాపులు నేలమీద తిరిగి చూడకుండా కంప్యూటర్ డేటాతో తయారవుతాయి కాబట్టి ఇలాంటివి వాటిలో వెతకడం దండగ.

అయితే ఒక్క షీటు చూసి సరిపెట్టుకోవద్దు. అదే ప్రాంతానికి ఉన్న ఎడిషన్లన్నీ దించుకుని వరసగా చూడాలి. ఊదా రంగులో ఉన్నవి తర్వాత విమాన ఫోటోలు చూసి చేర్చినవి, చాలావరకు నేలమీద సరిచూడనివి. ఇక ఊటల సంగతి. ఫోర్ట్ స్టాక్టన్‌లోని కొమాంచీ స్ప్రింగ్స్ ఎంత పెద్ద ఊటో! చుట్టుపక్కల సేద్యానికి పంపులు పెట్టి తోడేసరికి 1961 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు ఏదో చలికాలంలో అప్పుడప్పుడు పారుతుంది. మ్యాపులో నీలం గుర్తుంది కదా అని రేటు పెంచి కొంటే అంతే సంగతులు.

ఇంకో చిక్కు, పాత షీట్లు చాలావరకు ఎన్ఏడీ27 లెక్కన గీసినవి. అది అక్షాంశ రేఖాంశాలు కొలిచే 1927 నాటి పద్ధతి, ఇప్పటి ఫోన్లు వాడేది వేరే. అంచున ఉన్న అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోన్‌లో కొడితే పదుల మీటర్లు పక్కకు పోతారు. పొదల్లో బావి వెతికేటప్పుడు అది తక్కువ దూరం కాదు. జియోటిఫ్ (ఏ చోటిదో లెక్క లోపలే ఉన్న మ్యాపు ఫైలు) దించుకుని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఆ దారుల్లో సిగ్నల్ దొరకదు, ఫైళ్ళేమో పెద్దవి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించి పెట్టుకోండి.