‘గుడ్ల మీదుంది’ అని పొట్ట ఉబ్బిన చేపను అంటగడుతున్నారు, జాగ్రత్త

పొట్ట ఉబ్బిన జబ్బు చేపను ‘గుడ్ల మీదుంది’ అని చెప్పి, మామూలు చేపకంటే ఎక్కువ ధరకు అమ్మడం కొన్ని రంగు చేపల దుకాణాలలో జరుగుతోంది. హైదరాబాదులో ఇటీవల నేను కొన్న ఒరాండా గోల్డ్‌ఫిష్ విషయంలో జరిగింది ఇదే కనుక, కొనబోయేవారు ముందుగానే తెలుసుకుంటారని రాస్తున్నాను.

‘వారంలో గుడ్లు పెడుతుంది సార్’ అని దుకాణదారు నమ్మకంగా చెప్పాడు. ఇంటికి తెచ్చి విడి తొట్టిలో ఉంచితే, ఆ చేప మేత గింజను నోట్లోకి తీసుకోవడం, వెంటనే ఉమ్మేయడం తప్ప ఏమీ తినలేదు. తొట్టి అడుగున ఒక మూలకు చేరి, తెల్లటి సన్నని దారంలాంటి మలం వెనుక వేలాడుతుండగా కదలకుండా ఉండిపోయింది. మర్నాడు పైనుంచి చూసేసరికి పొలుసులు ఒంటి నుంచి విడివడి, అనాసపండు తొక్కలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. దుకాణానికి ఫోన్ చేస్తే, నీలం మందు చుక్కలు, రాళ్ల ఉప్పు వేయమన్నారు. చేప దక్కలేదు.

ఇలా పొట్ట ఉబ్బి, పొలుసులు లేవడాన్ని డ్రాప్సీ అంటారు. ఇది ఒక జబ్బు పేరు కాదు, లోపలి అవయవాలు దెబ్బతిన్నాయనడానికి లక్షణం. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు శాతం చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ కనుక, మొప్పల గుండా నీరు ఎప్పుడూ లోపలికి చేరుతూనే ఉంటుంది. దానిని బయటికి పంపే పని మూత్రపిండాలది. ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా వల్లనో, అమ్మోనియా పేరుకున్న నీటిలో చాలాకాలం ఉండడం వల్లనో అవి పనిచేయడం మానేస్తే ఆ నీరు కడుపులోనే నిలిచి పొట్ట ఉబ్బుతుంది.

గుడ్లున్న ఆడ గోల్డ్‌ఫిష్ చురుకుగా ఈదుతుంది, మేతకు ఎగబడుతుంది. దాని పొలుసులు ఒంటికి అంటుకునే ఉంటాయి, పొట్ట మెత్తగా, తరచు ఒకవైపు ఎక్కువగా కనిపిస్తుంది, మగ చేపలు వెంటపడుతుంటాయి. జబ్బు చేప పొట్ట రెండు వైపులా బిగిసి ఉంటుంది, కళ్లు కూడా బయటికి పొడుచుకురావచ్చు. ఒరాండా, ర్యుకిన్ రకాలకు పుట్టుకతోనే గుండ్రటి ఒళ్లు ఉంటుంది కనుక, పక్కనుంచి మాత్రమే చూసి నిర్ణయించుకోవద్దు. తొట్టి పైనుంచి చూస్తేనే పొలుసుల సంగతి తెలుస్తుంది.

ఇక దుకాణంలో అంటగట్టే మందుల మాట. నీలం మందు, అంటే మెథిలీన్ బ్లూ, ఒంటిపై పట్టే బూజుకు పనికొస్తుంది గాని లోపలి జబ్బును తాకదు. పైగా ఫిల్టరులో ఉండి అమ్మోనియాను విడగొట్టే మంచి బ్యాక్టీరియాను చంపి, అమ్మోనియాను ఇంకా పెంచుతుంది. కడుపులోని నీరు లాగడానికి అనుభవజ్ఞులు వాడేది రాళ్ల ఉప్పు కాదు, ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. చేపను విడి తొట్టిలోకి మార్చి, 20 లీటర్లకు ఒక టీస్పూను చొప్పున విడిగా కరిగించి నెమ్మదిగా పోయాలి. క్లోరిన్ తీసిన నీటితో రోజూ కొంత నీరు మార్చాలి. చేప ఇంకా తింటుంటే యాంటీబయాటిక్‌ను మేతలో కలిపి ఇవ్వడమే మేలు. ఏ మందు, ఎంత అన్నది పశువైద్యుడిని అడిగి తీసుకోండి, దుకాణదారు చేతి పొడిని నమ్మవద్దు. పొలుసులు లేచాక బతికేవి చాలా తక్కువ. ఈ మాట ఏ అమ్మకందారూ చెప్పడు.

ఉబ్బరమంతా డ్రాప్సీ కాదు. పొలుసులు మామూలుగా ఉండి, చేప ఒరిగి తేలుతుంటే మలబద్ధకం కావచ్చు. రెండు మూడు రోజులు మేత ఆపి, తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ పెడితే తరచు సర్దుకుంటుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందిన, నాచు తినే సిక్లిడ్ చేపలకు మాంసకృత్తులు ఎక్కువున్న మేత, ముఖ్యంగా ఎర్ర పురుగులు పెట్టినప్పుడు వచ్చే ఉబ్బరం వేరు. వాటికి మేత మానడమే తొలి గుర్తు, అక్కడ సాధారణంగా వాడేది మెట్రోనిడజోల్ అనే మందు.

చేప కొనేటప్పుడు మీ ఎదుటే మేత వేయించి, తింటున్నప్పుడు ఫోనులో వీడియో తీసుకోండి. అదే తొట్టిలో చచ్చిన చేప గాని, పొలుసులు లేచిన చేప గాని ఒక్కటి కనిపించినా ఏదీ కొనవద్దు. తెచ్చిన చేపను కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి, దానికి వాడిన వలను పెద్ద ట్యాంకులో ముంచవద్దు. చేతికి గాయం ఉంటే తొడుగు లేకుండా ఆ నీటిలో చేయి పెట్టవద్దు, ఎందుకంటే కొన్ని చేపల ఉబ్బరానికి కారణమయ్యే మైకోబాక్టీరియం అనే బ్యాక్టీరియా మనిషి చర్మానికీ సోకుతుంది.

బిల్లు మాత్రం తప్పక అడగండి. ‘ప్రాణం ఉన్నవాటికి గ్యారంటీ లేదు’ అని నాకూ చెప్పారు. కాని లోపమున్న సరుకును, బిల్లులో గడువు రాయనప్పుడు 30 రోజుల లోపు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగా చెబుతోంది. బిల్లు, వీడియో దగ్గర ఉంచుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.