గొర్రె అరిస్తే చాలు, డబ్బింగ్ అక్కర్లేదు

జీవాలను కాసే ఊళ్లున్న జిల్లాలు మనవి. గొర్రె ఎట్లా ఉంటదో జనగామ, పరకాల వైపు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హన్మకొండలో మూడో అంతస్తులో పెరిగే పిల్లలకు మాత్రం అది ఆదివారం కూర. ఈ ఇద్దరినీ ఒకే చోట, ఒకే క్షణంలో నవ్వించే గొర్రె షాన్. నోరు తెరిస్తే ‘మే’ తప్ప మాట రాదు.

‘షాన్ ద షీప్’ అనే బొమ్మల సీరియల్ 2007లో బీబీసీ పిల్లల చానెల్‌లో మొదలైంది. తీసింది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న ఆర్డ్‌మన్ స్టూడియో. గొర్రె మాత్రం అంతకు ముందే, 1995లో అదే స్టూడియో దర్శకుడు నిక్ పార్క్ తీసిన ‘ఎ క్లోజ్ షేవ్’ అనే పొట్టి బొమ్మల సినిమాలో కనిపించింది. అందులో బొచ్చు తీసే యంత్రంలో పడి నున్నగా బయటికొస్తుంది. బొచ్చు కత్తిరించిన దాన్ని ఇంగ్లీషులో ‘షోర్న్’ అంటారు, పేరులోని చమత్కారం అదే. అది మనకు తట్టకపోయినా నవ్వుకు లోటు రాదు.

ఎందుకు రాదో ముఖం చూస్తే తెలుస్తుంది. నల్లటి మొహం, రెండు తెల్లటి గుడ్లు, వాటిలో చిన్న నల్ల చుక్కలు, పక్కలకు వేలాడే చెవులు. ఆ చుక్కలు ఆవగింజంత జరిగితే అనుమానం, రెప్ప సగం వాలితే విసుగు. బొమ్మ లోపల కీళ్లున్న లోహపు చట్రం ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా కదిలిస్తూ ఒక్కో ఫొటో తీస్తారు. బ్రిటిష్ టీవీ లెక్కన సెకనుకు 25 ఫ్రేములు, ఎపిసోడ్ 7 నిమిషాలు, అంటే 10,500 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపినా 5,000 సార్లకు పైగా బొమ్మను చేత్తో సర్దాలి. అంత చాకిరీ చేసేవాళ్లు ఒక్క కదలికనూ ఊరికే పెట్టరు. అందుకే చూసేవాళ్ల కన్ను పక్కకు పోదు.

రైతు ఇటు చూస్తే మంద బుద్ధిగా గడ్డి మేస్తుంది. ఆయన తలుపు వేసుకోగానే రెండు కాళ్ల మీద లేచి, మొదటి ఎపిసోడ్‌లోనే క్యాబేజీని బంతి చేసి ఫుట్‌బాల్ మొదలుపెడుతుంది. సారు బోర్డు వైపు తిరిగినప్పటి క్లాసు ఇదే కదా, ఏ దేశంలోనైనా. కాపలా కుక్క బిట్జర్ క్లాసు లీడర్ లాంటిది: ఈల, చేతిలో అట్ట, పైనుంచి తిట్లు, కిందనుంచి ఆగడాలు. రైతు మాట్లాడేదీ భాష కాదు, ఉత్త గొణుగుడు. పొద్దున చాయ్ అందక ముందు నాయన గొణిగినట్టే, ఏమన్నాడో తెలియదు, కోపం మాత్రం తెలుస్తుంది. మాటలున్నది టైటిల్ పాటలోనే.

ఇంట్లో చూపించేటప్పుడు తేడా కొట్టేది శబ్దం దగ్గరే. మాటల పని అంతా చప్పుళ్లు చేస్తాయి. ఫోన్ స్పీకర్‌లో గొణుగుడు, గడ్డి నలిగే చప్పుడు కలిసిపోయి సగం జోకు పోతుంది. టీవీకి పెట్టండి, ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గించండి. ఆర్డ్‌మన్ సొంత చానెల్ కాకుండా ఎవరో ఎక్కించిన కాపీలైతే అంచులు కత్తిరించి ఉంటాయి, కొన్ని అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఈ సీరియల్‌లో వెనక మూలన పందులు చేసే పనిలోనే అసలు నవ్వు ఉంటుంది. అంచు పోతే అదీ పోయినట్టే. ఇంకొకటి, పక్కన కూర్చుని ‘ఇగో, ఇప్పుడు కుక్క వస్తది’ అని కథ చెప్పొద్దు. పిల్ల తనంతట తాను కనిపెట్టడంలోనే మజా. మూడేళ్ల లోపు పిల్లలకు ఒకేసారి రెండు ఎపిసోడ్‌లు చాలు. గంట సేపటి సంకలనాలు పెడితే అన్నం పళ్లెం ఎండిపోతుంది.

లోపాలు లేకపోలేదు. మందలో లావుగా ఉండే గొర్రె షిర్లీ మీద అదే జోకు మళ్లీ మళ్లీ వేస్తారు, కొన్నాళ్లకు చిరాకేస్తుంది. 2015 సినిమా మాటల్లేకుండానే గంటకు పైగా నిలబడింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 2019 నాటి రెండోది గ్రహాంతరవాసితో సందడి ఎక్కువ, దొడ్డి తక్కువ. 7 నిమిషాలవే మేలు.

బొమ్మ కొంటామంటే ట్యాగ్ మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆట బొమ్మలకు అది తప్పనిసరి. కన్ను పట్టుకుని గట్టిగా లాగి చూడండి, చెవి మొదట్లో కుట్టు వదులుందేమో నొక్కండి. నకిలీలను కళ్లే పట్టిస్తాయి: చుక్కలు చెరో దిక్కు చూస్తుంటే అది షాన్ కాదు, ఉత్త గొర్రె. ఉతికితే చల్లనీళ్లలో చేత్తో పిండి నీడలో ఆరేయాలి, వేడికి ఆ పాలిస్టర్ బొచ్చు ముద్దకడుతుంది. 2022లో నాసా అంతరిక్ష యాత్ర ఆర్టెమిస్-1లో చంద్రుడి దాకా వెళ్లొచ్చింది కూడా ఇలాంటి షాన్ బొమ్మే. దానికి ఉతుకుడు బాధ లేదు.

సీరియల్‌కు 5కి నాలుగున్నర. ఆ అర షిర్లీ లెక్కలోకి.