టమ్మీ టక్ తరువాత ఇంటికి వచ్చిన నర్సింగ్ సేవ

అక్క టమ్మీ టక్ (పొట్ట మీది అదనపు చర్మం, కొవ్వు తీసి బిగించే) ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాక, హైదరాబాద్‌లోని ఒక హోమ్ నర్సింగ్ సంస్థ ద్వారా పగటిపూటకు సిస్టర్‌ను పెట్టుకున్నాము. ఆమె పనితనం మాకు ఎంతో తృప్తినిచ్చింది. గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి పైనుంచి కిందికి నిమురుతూ రక్తపు గడ్డలు అడ్డుపడకుండా చూసి, గొట్టం చివర ఉండే మెత్తని బల్బులో చేరిన ద్రవాన్ని కొలగ్లాసులో పోసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో ఉందో పుస్తకంలో రాసిపెట్టేవారు. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాకే సాధారణంగా గొట్టం తీస్తారు కనుక, సర్జన్‌కు ఆ లెక్క బాగా ఉపయోగపడింది. కుట్లు లాగకుండా వీపు వెనుక, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టడం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా నడుము కాస్త వంచి ఇంట్లోనే మెల్లగా నడిపించడం, పొట్టకు కట్టే బెల్టు మడతలు పడకుండా సరిచేయడం అన్నీ ఓపికగా చేశారు.

లోపం సంస్థ వైపే ఉంది. ఆమె సెలవు పెట్టిన రోజున బదులుగా పంపిన మనిషికి డ్రెయిన్ ఖాళీ చేయడమే తెలియదు. ఇది చిన్న విషయం కాదు. ఒక పిక్కలోనే వాపు, నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం మొదలైనా అది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చని, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలని తెలిసిన మనిషే రోగి పక్కన ఉండాలి. ఈ సేవ తీసుకోదలచినవారు, బదులు వచ్చేవారికి ఏ శిక్షణ ఉందో మాట్లాడుకునేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.