రెండంగుళాలు లేపిన జిప్సీ: కొన్ని కాఫీ సీజన్ల తర్వాత

మారుతి జిప్సీ జీపు ఇంజను, గేర్లు, సీట్ల గురించి ఆ బండి ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పదలుచుకున్నది దాని పొట్ట గురించి. చింతపల్లి దాటి మా కాఫీ తోటకి వెళ్ళే దారిలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి వానాకాలం అయ్యేసరికి రెండు లోతైన చాళ్ళు పడిపోతాయి. మధ్యలో గట్టు మిగులుతుంది. అది ఉత్త మట్టి కాదు, రాళ్ళు కలిసిన గట్టు. కంపెనీ ఎత్తులో ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేరు పెట్టె) దగ్గరి బీము ఆ గట్టు మీద గీరుకుంటూ పోయేది. పొట్ట ఆనిందంటే బరువంతా గట్టు మీదకి వెళ్ళిపోతుంది, చక్రాలు ఊరికే తిరుగుతాయి. అప్పుడు ఫోర్ వీల్ వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. కమాన్లు (బండిని మోసే స్ప్రింగు పట్టీలు) మార్పించి బండి లేపాక ఆ గీకుడు ఆగిపోయింది. కింద చప్పుడు లేకుండా తోట గేటు దాకా వెళ్ళడం ఇప్పటికీ నాకు పండగలాగే ఉంటుంది.

కానీ కొలతల విషయంలో చాలామంది మోసపోతున్నారు. బండిని లేపే రెండంగుళాల కిట్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ రెండంగుళాలు పెరుగుతుందని షాపుల్లో చెబుతారు. జిప్సీకి అది నిజం కాదు. ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళే, అంటే రెండు పక్కల చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు. యాక్సిల్‌కి బిగించిన కమాన్లు బాడీని పైకి ఎత్తుతాయి గానీ యాక్సిల్‌ని ఎత్తలేవు. కంపెనీ చెప్పిన 210 మి.మీ. కొలిచేది డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు) కింద. కిట్ వేసినా ఆ గుండు అక్కడే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన సైజులో సగమే. పాత 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ., నేను వేసిన 235/75 ఆర్15 ఎత్తు సుమారు 733. తేడా 65, గుండు లేచింది 33 లోపే. అందుకే బండరాయి కనిపిస్తే ఇప్పటికీ దాన్ని చక్రం కిందకే తీసుకుంటాను, రెండు చక్రాల మధ్యకి రానివ్వను. బండి ఎత్తుగా ఉంది కదా అని రాయిని మధ్యలోంచి పోనిస్తే గుండుకే తగులుతుంది.

కమాన్లు మార్చకుండా పొడుగు షాకిళ్ళు (కమాను కొసని ఛాసిస్‌కి కలిపే లింకులు) వేసి పని కానిచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండంగుళాల పొడుగు షాకిల్ వేస్తే బండి లేచేది అంగుళమే. పైగా ముందు యాక్సిల్ కొంచెం తిరిగిపోయి, మలుపు అయ్యాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రాదు. పాడేరు ఘాట్‌లో దిగేవాడికి అది మంచిది కాదు.

ఇక నన్ను రోడ్డు మీద నిలబెట్టిన సంగతి. కిట్ వేసిన వైజాగ్ షాపులో "కమాన్లు మార్చేస్తే చాలు బాబూ, ఇంకేటీ అక్కర్నేదు" అన్నారు. బాడీతో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు కూడా పైకి వెళ్తుంది, వెనక యాక్సిల్ కిందే ఉంటుంది. రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు అంతకంతా ఏటవాలవుతుంది. ఆ షాఫ్టు రెండు కొసల కోణాలూ సమానంగా ఉండాలి, లేకపోతే అదురు పుడుతుంది. కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జి ముక్క పెట్టి సరిచేసేంత చిన్న పని అది. వాళ్ళు చెయ్యలేదు. బస్తాలు వేస్తే వెనక కుంగి కోణం సరిపోయేది కాబట్టి తోట నుంచి వచ్చేటప్పుడు ఏమీ తెలిసేది కాదు. ఖాళీగా వెళ్ళేటప్పుడే కాళ్ళ కింద సన్నగా జుమ్మనేది. టైర్ల చప్పుడని వాళ్ళే చెప్పారు.

ఒక జనవరి సాయంత్రం బస్తాలు వేసుకుని దిగుతున్నాం. గెడ్డ దాటి ఎత్తు ఎక్కబోతే కింద కిట్టుకిట్టుమని మొదలై, క్లచ్ వదిలేసరికి గట్టిగా కొట్టుకుంది. చక్రాలకి రాళ్ళు పెట్టి కిందకి దూరాను. వెనక షాఫ్టు క్రాస్ (షాఫ్టు కొసన వంగడానికి ఉండే కీలు) దగ్గర కప్పు అంచు చుట్టూ ఎర్రటి పొడి, కుంకుమలా. లోపలి సూది బేరింగులు గ్రీజు ఎండి, అరిగి, తుప్పు పొడిగా రాలిపోయాయి. చేత్తో పట్టుకుని ఊపితే క్రాస్ గలగలలాడింది.

జిప్సీ మీద నా గౌరవం పెరిగింది అక్కడే. షాఫ్టుకి ఆ కొసా ఈ కొసా ఫ్లాంజి బోల్టులే. జాకీ కూడా పెట్టకుండా కింద పడుకుని విప్పేశాం. లేపిన ఎత్తు అక్కడ పనికొచ్చింది, స్పానర్ తిప్పడానికి మోచేతికి చోటుంది. షాఫ్టు తీసి వెనక పడేసి, ముందు హబ్బులు లాక్ చేసి (అంటే ముందు చక్రాలని యాక్సిల్‌కి కలిపి), ఫోర్ వీల్ హై వేస్తే ముందు చక్రాలే బండిని లాగాయి. బస్తాలతో మాత్రం ఎక్కలేదు. బరువు వెనక, లాగేది ముందు, ముందు టైర్లు ఉత్తినే గీసుకుపోయాయి. బస్తాలన్నీ పక్క గూడెంలో తెలిసినవాళ్ళ అరుగు మీద దింపి, ఖాళీ బండితో రెండో గేరులో మెల్లగా చింతపల్లి చేరాం. మర్నాడు వాళ్ళ జీపులోనే బస్తాలు వచ్చాయి.

తర్వాత నర్సీపట్నంలో ఒక పాత మేస్త్రి కొత్త క్రాసులు వేసి, వెడ్జి ముక్కలు పెట్టి, బంప్ స్టాపులు (యాక్సిల్ పైకొచ్చి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మలు) దింపి, బ్రేకు హోసులు పొడుగువి వేశాడు. హోసు సంగతి ఆయన చూపించేదాకా ఎవరూ చెప్పలేదు. బాడీని జాకీతో లేపి ముందు చక్రాన్ని పూర్తిగా వేలాడనిస్తే పాత హోసు వీణ తీగలా బిగుసుకుంది. కిట్ వేయించినవాళ్ళు ముందు ఆ ఒక్కటీ చూసుకోండి. అదురు చాలావరకు పోయింది. ఖాళీ బండి 70 దాటితే ఇంకా కొంచెం ఉంది, దానితో ఉండగలను.

పెద్ద టైర్ల వల్ల స్పీడోమీటరు 60 చూపిస్తే బండి నిజానికి 66 దగ్గర పోతుంది. ఘాట్‌లో మూడో గేరుతో ఎక్కిన చోట ఇప్పుడు రెండు వెయ్యాలి. అసలే ఇరుకు బండి, ఎత్తయ్యాక మలుపుల్లో ఊగుతుంది కూడా. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదానికి తేడా వచ్చే మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర కూడా పేచీ రావచ్చు, అది తెలిసే చేయించుకోవాలి.

నాకైతే పనికొచ్చింది. నాది మెల్లగా నడిచే దారి, సీజన్లో వెనక ఎప్పుడూ బరువుంటుంది, పొట్ట ఆనడమే నా అసలు బాధ. మా అమ్మ మోకాళ్ళకి బండి ఎక్కడం కష్టమై పక్కన మెట్టు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది, ఆ మెట్టే ఇప్పుడు అన్నిటికంటే ముందు రాయికి తగులుతోంది. ఎక్కువగా తారు రోడ్డు మీద, ఇంట్లోవాళ్ళతో తిరిగేవాళ్ళు కిట్ జోలికి వెళ్ళకుండా ఒక సైజు పెద్ద టైర్లతో సరిపెట్టుకుంటే మేలేమో. ముందు ఎడమ కమాను కొంచెం కుంగినట్టుంది, ఈ కోత అయ్యాక నర్సీపట్నం తీసుకెళ్ళి విప్పించాలి.