మూతకు పడ్డ సూది రంధ్రం: ‘మేకింగ్ ఎ మర్డరర్’ చూశాక

నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘మేకింగ్ ఎ మర్డరర్’ డాక్యుమెంటరీ సిరీస్ మొదటి భాగం నాలుగో ఎపిసోడ్ చివర ఒక దృశ్యం ఉంది. కోర్టు గుమాస్తా కార్యాలయంలో భద్రపరచిన ఒక పెట్టెను హత్య కేసు నిందితుడు స్టీవెన్ ఏవరీ తరఫు న్యాయవాది జెరోమ్ బ్యూటింగ్ తెరిపిస్తాడు. పెట్టె మీది సీలు టేపు కోసి ఉంటుంది. లోపల 1996లో తీసిన నిందితుడి రక్తం ఉన్న ట్యూబు, దాని ఊదారంగు మూత మధ్యలో సూది గుచ్చిన చిన్న రంధ్రం కనిపిస్తాయి. ఆయన ఉత్సాహంగా సహచరుడికి ఫోను చేస్తాడు, ఎపిసోడ్ అక్కడితో ముగుస్తుంది. పోలీసులే ఈ ట్యూబులోంచి రక్తం తోడి, కనిపించకుండా పోయిన యువతి కారులో పూశారన్న నమ్మకం లక్షలాది ప్రేక్షకుల్లో ఆ క్షణంలోనే నాటుకుంది.

గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా రక్తనమూనాలు తీస్తున్న నాకు మాత్రం ఆ దృశ్యం దగ్గర అయోమయం కలిగింది. ఊదారంగు మూత ఉన్న ట్యూబులు రోజుకు పదుల సంఖ్యలో నా చేతుల మీదుగా వెళ్తాయి. వాటి లోపల గాలి తీసేసి ఉంటుంది కనుక రబ్బరు మూతలోంచి సూది గుచ్చగానే రక్తం దానంతట అదే లోపలికి లాగబడుతుంది. అంటే ఆ రంధ్రం రక్తం ట్యూబులోకి వెళ్లిన దారి. వాడిన ప్రతి వాక్యూమ్ ట్యూబుకూ అది ఉంటుంది. ఈ చిన్న విషయాన్ని ఏ ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగినా అర నిమిషంలో చెప్పి ఉండేవారు. పది గంటల మొదటి భాగం మొత్తంలో నాకు ఆ అర నిమిషం ఎక్కడా కనిపించలేదు. ఈ సమీక్ష రాయాలనిపించింది అందుకే. అలాగని ఈ సిరీస్‌ను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. సాక్ష్యాలను ఎవరు ముట్టుకున్నారు, ఎప్పుడు ముట్టుకున్నారు, ఏ కాగితం మీద రాశారు అన్న ప్రశ్నలను సామాన్య ప్రేక్షకుడి ఇంట్లోకి ఇంత ఓపికగా తెచ్చిన కార్యక్రమాన్ని నేను మరొకటి చూడలేదు.

లారా రిచియార్డి, మొయిరా డెమోస్ పదేళ్ల పాటు చిత్రీకరించిన ఈ పది ఎపిసోడ్ల డాక్యుమెంటరీ 2015 డిసెంబరు 18న విడుదలై, మరుసటి ఏడాది నాలుగు ఎమ్మీ అవార్డులు అందుకుంది. 2018 అక్టోబరులో మరో పది ఎపిసోడ్లతో రెండో భాగం వచ్చింది. వ్యాఖ్యాత గొంతు ఉండదు. కోర్టు వీడియోలు, జైలు నుంచి చేసిన ఫోన్ల రికార్డింగులు, ఇంటి వాళ్ల మాటలే కథను నడుపుతాయి. మధ్యలో ఎవరూ మనకు పాఠం చెప్పరు కనుక చూస్తున్నదంతా ఎవరూ వేలు పెట్టని సత్యమేనన్న భావన కలుగుతుంది. ఈ సిరీస్ బలం అదే, ప్రమాదం కూడా అక్కడే ఉంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 25 ఏళ్ల ఫొటోగ్రాఫర్ టెరీసా హాల్‌బాక్ 2005 అక్టోబరు 31న, అమ్మకానికి పెట్టిన ఒక వాహనాన్ని పత్రిక కోసం ఫొటో తీయడానికి మానిటోవాక్ కౌంటీ (మన జిల్లా లాంటిది)లోని ఏవరీ కుటుంబపు పాత కార్ల యార్డుకు వెళ్లింది. నవంబరు 3న ఆమె కనిపించడం లేదని ఫిర్యాదు నమోదైంది. 5వ తేదీన వెతుకులాటకు వచ్చిన వాలంటీర్లకు ఆమె టయోటా ఆర్‌ఏవీ4 కారు ఆ యార్డులోనే, కొమ్మలు కప్పి ఉండగా దొరికింది. ఆ తరువాత స్టీవెన్ ఏవరీ ఇంటి వెనక మంట వేసిన గుంటలో కాలిన ఎముకలు దొరికాయి. 2007 మార్చిలో జ్యూరీ అతణ్ణి హత్య కేసులో దోషిగా తేల్చింది. పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడింది.

సాధారణంగా ఇలాంటి కేసులో పోలీసుల మీద అంత తీవ్రమైన అనుమానం రాదు. ఇక్కడ రావడానికి బలమైన కారణం ఉంది. ఇదే ఏవరీ 1985లో చేయని అత్యాచారానికి శిక్ష పడి, 18 ఏళ్లు జైల్లో మగ్గి, డీఎన్‌ఏ పరీక్షతో 2003లో నిర్దోషిగా బయటికి వచ్చాడు. తనను అన్యాయంగా ఇరికించినందుకు మానిటోవాక్ కౌంటీ మీద 3 కోట్ల 60 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ దావాలో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) కార్యాలయపు అధికారుల వాంగ్మూలాలు తీసుకుంటున్న అక్టోబరు నెలాఖరులోనే టెరీసా కనిపించకుండా పోయింది. ఈ ప్రయోజనాల ఘర్షణ వల్లనే దర్యాప్తు బాధ్యతను పక్కనున్న కాల్యుమెట్ కౌంటీకి అప్పగించి, మానిటోవాక్ వారు సామగ్రి సాయానికే పరిమితమవుతారని ప్రజలకు ప్రకటించారు. అయినా మానిటోవాక్ అధికారులు సోదాల్లో పాల్గొన్నారు. అంతకుముందు పలుమార్లు వెళ్లివచ్చిన పడకగదిలో, నవంబరు 8న టెరీసా కారు తాళంచెవి వారి సమక్షంలోనే నేల మీద కనిపించింది. ఏళ్ల తరబడి ఆమె వాడిన ఆ తాళంచెవి మీద ఏవరీ డీఎన్‌ఏ తప్ప ఆమె డీఎన్‌ఏ దొరకలేదు. ఈ భాగాన్ని సిరీస్ ఎంతో నిగ్రహంతో, వాంగ్మూలాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూపింది. తాళంచెవిని ఎవరో తెచ్చి పడేశారని రుజువు కాలేదు. కానీ ఆ గదిలో ఉండకూడని వాళ్లు ఉండడం వల్ల ఆ ప్రశ్న ఎప్పటికీ చావదు. దర్యాప్తు వాళ్లు తమ మాటను తాము నిలబెట్టుకుని ఉంటే ఆ ప్రశ్నకు చోటే ఉండేది కాదు.

ఎముకల విషయం నన్ను ఇంకా ఎక్కువగా బాధించింది. గుంటలోంచి వాటిని తీసే ముందు, తీస్తున్నప్పుడు, ఉన్నవి ఉన్నచోటనే ఫొటోలు తీయలేదని విచారణలో బయటపడింది. శరీరాన్ని అక్కడే కాల్చారా, లేక ఎక్కడో కాల్చి ఎముకలు తెచ్చి పోశారా అన్నది ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగింది ఆ బూడిదలో ఎముకలు పడి ఉన్న తీరు ఒక్కటే. జల్లెడ పట్టగానే ఆ తీరు శాశ్వతంగా చెరిగిపోయింది. మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని చెబుతున్నది. ఆ నిబంధన ఎందుకు అవసరమో తెలియాలనుకునేవారు ఈ గుంట కథను శ్రద్ధగా చూడాలి.

రాష్ట్ర క్రైమ్ ల్యాబుకు చెందిన విశ్లేషకురాలి వాంగ్మూలం వచ్చినప్పుడు నేను వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. 2006 మార్చిలో ఏవరీ గ్యారేజీలో దొరికిన తూటా మీద టెరీసా డీఎన్‌ఏ ఉందని ఆమె తేల్చింది. అయితే ఆ పరీక్షలో ఏమీ ఉండకూడని కంట్రోల్ నమూనాలో విశ్లేషకురాలి సొంత డీఎన్‌ఏ కనిపించింది. నియమం ప్రకారం అలాంటప్పుడు ఫలితం తేలలేదని రాసి, పరీక్ష మళ్లీ చేయాలి. నమూనా అంతా అప్పటికే వాడేశారు కనుక మళ్లీ చేసే వీలు లేకపోయింది. ప్రత్యేక అనుమతి తీసుకుని, నియమాన్ని పక్కన పెట్టి నివేదిక ఇచ్చారు. ఆ సమయంలో ఆమె ఇద్దరికి శిక్షణ కూడా ఇస్తున్నది. మా పనిలో కంట్రోల్ తప్పితే ఆ రోజు రిపోర్టులు ఆపేస్తాం. రోగి బంధువులు కౌంటరు దగ్గర ఎంత గొడవ చేసినా ఇవ్వం. చక్కెర పరీక్షకే అంత పట్టింపు ఉన్నప్పుడు, ఒక మనిషి జీవితకాలపు జైలుశిక్షను నిర్ణయించే పరీక్షకు మినహాయింపు ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. కంట్రోల్‌లో కలిసింది విశ్లేషకురాలి డీఎన్‌ఏ మాత్రమే, తూటా మీది ఫలితానికి ఇబ్బంది లేదన్న వాదన అబద్ధమని నేను అనను. అయితే నియమం ఉన్నదే ఆ వాదనను ఎవరి విచక్షణకూ వదలకుండా ఉండడానికి. ఈ సంగతిని సిరీస్ నిజాయితీగా, విశ్లేషకురాలి మాటల్లోనే చూపించింది.

మళ్లీ ట్యూబు దగ్గరికి వస్తాను. ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. కారులోని రక్తపు మరకలు ట్యూబులోంచి వచ్చినవైతే వాటిలో ఈడీటీఏ ఉండాలి. ఎఫ్‌బీఐ పరీక్షించిన మరకల్లో అది కనబడలేదు. పరీక్షకు కనబడనంత మాత్రాన లేనట్టు కాదని, ఎంత తక్కువ మోతాదును ఆ పద్ధతి పట్టగలదన్నది ముఖ్యమని నిందితుడి తరఫు నిపుణురాలు వాదించారు. ఆమె వాదనలో సారం ఉంది, దానికి సిరీస్ చోటిచ్చింది కూడా. మూతకు పడ్డ రంధ్రాన్ని మాత్రం వివరణ లేకుండా వదిలేసింది. రెండో భాగంలో ఏవరీ కొత్త న్యాయవాది కాథ్లీన్ జెల్నర్ ఈ ట్యూబు వాదననే పక్కనపెట్టి, అతని వేలి గాయం నుంచి సింకులో పడ్డ రక్తాన్ని ఎవరో తీసుకెళ్లారన్న వేరే వాదన ఎత్తుకున్నారు. మొదటి భాగం చూసి ఆగిపోయిన ప్రేక్షకులకు ఆ మార్పు తెలియనే తెలియదు. వాళ్ల మనసులో ఆ రంధ్రం ఈనాటికీ నేరం చేసిన గుర్తుగానే ఉంది.

దీనికన్నా తీవ్రమైనది ఒక జవాబు విషయం. నవంబరు మొదటి వారంలో మానిటోవాక్ అధికారి ఒకరు టెరీసా కారు నంబరును పోలీసు సమాచార కేంద్రమైన డిస్పాచ్‌కు ఫోనులో చదివి సరిచూసుకున్నారు. కారు అధికారికంగా దొరక్కముందే ఆయన దాని వెనక నిలబడి నంబరు చదివారా అన్నది ప్రశ్న. ఈ ఫోను వింటే కారును చూస్తూ నంబరు చెబుతున్నట్టు ఎవరికైనా అనిపించవచ్చని మీరు ఒప్పుకుంటారా అని ఏవరీ తరఫు మరో న్యాయవాది డీన్ స్ట్రాంగ్ అడగడం, అధికారి అవునని చెప్పడం సిరీస్‌లో చూస్తాం. కోర్టులో జరిగింది వేరు. ఆ ప్రశ్నకు ప్రాసిక్యూషన్ అభ్యంతరం చెప్పింది, న్యాయమూర్తి దాన్ని అంగీకరించారు. మామూలుగా చేసే వందలాది నంబరు విచారణల్లాగే ఇదీ వినిపిస్తున్నది కదా అన్న తరువాతి ప్రశ్నకు ఆయన అవునన్నారు. ఆ అవునును కోసి ఈ ప్రశ్న పక్కన అతికించారు. ఆ అధికారి 2018లో దావా వేస్తే, 2023లో ఫెడరల్ కోర్టు దాన్ని విచారణ దాకా పోనివ్వకుండా నెట్‌ఫ్లిక్స్‌కు అనుకూలంగా ముగించింది. చట్టం దృష్టిలో అది పరువునష్టం కాకపోవచ్చు. కానీ ఆధారం ఒక చోట నుంచి మరో చోటికి కదిలిందా అని పది గంటల పాటు అడిగే కార్యక్రమం తన చేతిలోని ఆధారాన్ని తానే కదిలించడం నేను క్షమించలేకపోయాను.

వదిలేసిన విషయాలూ ఉన్నాయి. కారు బానెట్ లోపలి గొళ్లెం మీద ఏవరీ డీఎన్‌ఏ దొరికిందన్న సంగతి మొదటి భాగంలో లేదు. ఆ రోజు అతను తన నంబరు కనబడకుండా టెరీసాకు రెండుసార్లు ఫోను చేశాడన్నదీ లేదు. వీటికి అమాయకమైన వివరణలు ఉండవచ్చు. గొళ్లెం సంగతిని రెండో భాగంలో జెల్నర్ ప్రయోగాలతో సవాలు చేశారు కూడా. అయితే ఇవేవీ తెలియని లక్షా 28 వేల మందికి పైగా జనం అతనికి క్షమాభిక్ష ఇవ్వాలంటూ వైట్‌హౌస్‌కు పెట్టిన అర్జీ మీద సంతకాలు చేశారు. రాష్ట్ర కోర్టు శిక్షలను మాఫీ చేసే అధికారం దేశాధ్యక్షుడికి లేదని 2016 జనవరిలో జవాబు వచ్చింది. ఆ తరువాత ఊహాగానాలు పోలీసులను దాటి, టెరీసా కోసం వెతికిన స్నేహితుల మీదికి, ఆమె కుటుంబం మీదికి పాకాయి. కూతురిని పోగొట్టుకున్న ఇంటివాళ్ల ఏడుపు నిజమైనదా, నటనా అని ముక్కూమొహం తెలియని వాళ్లు వీడియోలు ఆపి ఆపి పరిశీలించారు.

ఇదే హత్య కేసులో శిక్ష పడిన ఏవరీ మేనల్లుడు బ్రెండన్ డాసీని విచారించిన దృశ్యాలు విడిగా చూసినా చాలు. నేర్చుకోవడంలో వెనకబడిన 16 ఏళ్ల కుర్రవాణ్ణి, తల్లి గానీ న్యాయవాది గానీ పక్కన లేకుండా కూర్చోబెట్టి, తల మీద ఏం చేశారో చెప్పమని పదేపదే అడిగి, అతను ఊహించి చెప్పలేకపోతే చివరికి కాల్చింది ఎవరని వాళ్లే అడుగుతారు. ఆ ఒప్పుకోలు చెల్లదని 2016లో ఒక ఫెడరల్ న్యాయాధికారి అన్నారు. 2017 డిసెంబరులో అప్పీలు కోర్టు 4–3 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇక్కడ కత్తిరింపు మాయ ఏమీ అక్కర్లేదు. వీడియో మొత్తం చూసినా కడుపులో అదే బాధ మిగులుతుంది.

రెండో భాగం సగానికి పైగా ప్రయోగశాల నిపుణులతో నిండి ఉంటుంది. నాకు ఆసక్తిగా ఉన్నా, ఇంట్లో మిగతావాళ్లు మూడో ఎపిసోడ్‌కే లేచిపోయారు. ఒక్కో ఎపిసోడ్ దాదాపు గంట. హింసను నేరుగా చూపరు కానీ విచారణలో వచ్చే వర్ణనలు పిల్లలు వినదగ్గవి కావు. హాల్‌బాక్ కుటుంబం ఈ చిత్రీకరణలో పాల్గొనడానికి ఒప్పుకోలేదు కనుక టెరీసా మనకు కొద్దిసేపే కనిపిస్తుంది. ఆ లోటును తెలుసుకుంటూ చూడమని కోరుతున్నాను. ఈ కేసు విచారణ ప్రతులు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఫోను గురించి జరిగిన ఆ క్రాస్ ఎగ్జామినేషన్‌ను వెతికి చదవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి చోటు మార్చి అతికించిన ఆ ‘అవును’కు, మిగిలిన అర ఊదారంగు మూత గురించి పాటించిన మౌనానికి.