షాకిల్టన్ బూటు: కాపలాకు సరే, కవాతుకు కాదు

1918 సెప్టెంబరు 4న ఉత్తర రష్యాలోని అర్ఖాంగెల్స్క్ రేవులో దిగిన అమెరికా 339వ పదాతి రెజిమెంటుకు చలికాలం కోసం బ్రిటిష్ సైన్యం ఇచ్చిన సామగ్రిలో, సిపాయిల చేత బాగా తిట్లు తిన్న వస్తువు షాకిల్టన్ బూటు. అప్పట్లో ఆ సైన్యానికి శీతల ప్రాంత సామగ్రి విషయంలో సలహాదారుగా ఉన్న ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ పేరే దానికి పెట్టారు. పైన కాన్వాసు, అడుగున నున్నటి తోలు, లోపల మందపాటి ఉన్ని మేజోళ్లు ఒకదానిపై ఒకటి వేసుకున్నా పాదం ఇరుకుపడనంత వదులు.

పాదాన్ని బిగించి రక్తప్రసరణను అడ్డుకోకపోవడం గడ్డకట్టే చలిలో పెద్ద సుగుణమే కాబట్టి, దుంగల కోటలో నిలబడి కాపలా కాసేవాడి వరకు ఈ బూటును తప్పుపట్టనక్కర్లేదు. చిక్కంతా నడకలో ఉంది. బళ్ల రాకపోకలతో గట్టిపడి నునుపెక్కిన మంచుదారిపై ఆ తోలు అడుగుకు పట్టు దొరకదు. తుపాకి, తూటాలు, మూట మోసేవాడు అడుగడుగునా జారిపడవలసిందే. ఆ రెజిమెంటులో అత్యధికులు మిషిగన్ రాష్ట్రం వారు, అంటే పుట్టినప్పటి నుంచి మంచు ఎరిగినవారు. అందుచేత ఇది చలి తెలియనివారి సణుగుడని కొట్టిపారేయలేము.

1919 జనవరి చివర షెన్‌కూర్స్క్ పట్టణాన్ని అర్ధరాత్రి వేళ వదిలి, అడవి దారిన వెనుదిరిగినప్పుడు ఈ లోపం ప్రాణాల మీదికి తెచ్చింది. చలి దాదాపు మైనస్ 40 డిగ్రీలు. శత్రువైన బోల్షెవిక్ సేన చుట్టుముట్టకముందే దాటిపోవాలి. జారిజారి విసిగిన కొందరు బూట్లు విసిరేసి, మేజోళ్లతోనే నడిచారంటే వాటి పనితనం గురించి అంతకంటే నిక్కమైన తీర్పు ఇంకేం కావాలి? (ఈ అమెరికన్ సిపాయిలకే కాఫీకి బదులు టీ, తమ తుపాకులకు బదులు రష్యన్ మోసిన్ నాగాంత్ తుపాకులు ఇచ్చారు. ఎంపికలో వాడేవాడి మాట చెల్లకపోవడం బూటుతోనే మొదలు కాలేదు.)

చిత్రమేమిటంటే, మెరుగైన పాదరక్ష ఆ ఊళ్లలోనే ఉంది. గొర్రె ఉన్నిని తడిపి, అదిమి, కుట్టు లేకుండా ఒకే ముక్కగా మలిచే వాలెంకీలను రష్యన్ రైతులు తరతరాలుగా తొడుగుతున్నారు. వాటి గరుకు అడుగు పొడిమంచును పట్టుకుంటుంది, మందపాటి ఉన్ని వేడిని నిలుపుతుంది. అయితే ఉన్ని నీటిని పీలుస్తుంది కనుక, అర్ఖాంగెల్స్క్ మీదుగా పారే ద్వినా నదిపై మంచు కరిగే వసంతకాలానికి వాలెంకీలు కూడా పనికిరావు. అప్పుడు మామూలు తోలుబూటు తప్పదు.