పటాల సర్వీసుకు ఏ పరీక్ష మేలు: తెరిచి చూడటమా, టీమ్ ఇంజినా?

అనంతపురంలో చెరువులు, బోరుబావుల పటాలు తయారుచేసే ఒక చిన్న బృందం వాటిని ఇకపై ఫైళ్లుగా కాక వెబ్ మ్యాప్ సర్వీసుగా, అంటే ఎవరు అడిగితే వారికి పటాన్ని ఇంటర్నెట్ ద్వారా చిత్రంగా పంపే ఏర్పాటుగా, అందించదలచిందనుకుందాం. ఆ సర్వీసు, పటాల సమాచారం పంచుకోవడానికి ప్రమాణాలు రూపొందించే ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం, అంటే ఓజీసీ, ప్రమాణానికి కట్టుబడి ఉందని నమ్మడానికి సాధారణంగా మూడు ఆధారాలు చూపుతారు. ధ్రువీకరణ పొందిన సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నామన్నది ఒకటి, పటాలు చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిస్తే పటం వచ్చిందన్నది రెండోది, ప్రమాణాన్ని పాటిస్తున్నామో లేదో తేల్చే ఓజీసీ వారి సాధనం టీమ్ ఇంజిన్ పరీక్షల్లో నెగ్గామన్నది మూడోది. వీటిలో మూడోదాన్ని ముందు, రెండోదాన్ని ఆ తర్వాత చేయాలనీ, మొదటిదాన్ని అసలు పరీక్షగానే లెక్కించకూడదనీ నా అభిప్రాయం.

ధ్రువీకరణ అనేది ఒక సాఫ్ట్‌వేర్‌లోని ఫలానా వెర్షన్‌కు దక్కేదే తప్ప మనం దాన్ని అమర్చుకున్న తీరుకు దక్కేది కాదు. పటాలను వెబ్‌లో అందించే జియోసర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌ను, బయటి అభ్యర్థనలను అందుకుని లోపలికి చేరవేసే ప్రాక్సీ వెనుక ఉంచి, బయటి చిరునామాను దానికి తెలపకుండా వదిలేస్తే, సర్వీసు తన సామర్థ్యాలను వివరించే పత్రంలో లోకల్‌హోస్ట్, అంటే ‘ఈ యంత్రమే’ అన్న చిరునామానే రాసుకుంటుంది. ఆ యంత్రంలోనే తెరిచినవారికి పటం చక్కగా వస్తుంది, కర్నూలు నుంచి తెరిచినవారికి ఏమీ రాదు.

క్యూజీఐఎస్‌లో తెరిచి చూడటం సులువు, నిమిషాల్లో అయిపోతుంది. అయితే వాడుకరికి పటం చూపించడమే దాని పని కాబట్టి, అది సర్వర్ లోపాలను పట్టి ఇవ్వడానికి బదులు చాలాసార్లు సర్దుకుపోతుంది. అక్షాల వరుస ఇందుకు మంచి ఉదాహరణ. వెబ్ మ్యాప్ సర్వీసు ప్రమాణపు 2002 నాటి 1.1.1 వెర్షన్‌లో ఈపీఎస్‌జీ 4326 పద్ధతిన, అంటే అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లో చెప్పే పద్ధతిన, పటం హద్దులు అడిగేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారు. ఐఎస్ఓ 19128 అనే అంతర్జాతీయ ప్రమాణంగా కూడా వెలువడిన 1.3.0 వెర్షన్‌లో ఆ వరుస తిరగబడి అక్షాంశం ముందుకు వచ్చింది. అనంతపురం పరిసరాలను పాత పద్ధతిలో 77.5, 14.6, 77.7, 14.8 అని అడిగితే, కొత్త పద్ధతిలో 14.6, 77.5, 14.8, 77.7 అని అడగాలి. కొత్త వెర్షన్‌కు పాత వరుసలో పంపితే ఆ అంకెలు ఉత్తర ధ్రువం వైపున్న స్వాల్‌బార్డ్ దీవులను సూచిస్తాయి. అక్కడ మన డేటా లేదు కనుక సర్వర్ ఒక ఖాళీ చిత్రాన్ని పంపి ఊరుకుంటుంది, తప్పు జరిగినట్టు సందేశమేదీ రాదు. సర్వరే వరుసను తప్పుగా అర్థం చేసుకుంటున్నప్పటికీ, క్యూజీఐఎస్ కనెక్షన్ అమరికలలో అక్షాల దిశను పట్టించుకోవద్దని చెప్పే గడిలో టిక్కు పెడితే పటం సరిగ్గానే కనబడుతుంది. ఆ టిక్కు పెట్టిన కంప్యూటర్‌లో పటాన్ని చూసి సర్వీసు బాగుందని సంతకం చేయడం, అందుకుంటున్నవారికి అన్యాయం చేయడమే.

టీమ్ ఇంజిన్ ఇలా సర్దుకుపోదు. ఓజీసీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా నడపవచ్చు, సొంత కంప్యూటర్‌లోనూ పెట్టుకోవచ్చు. సామర్థ్యాల పత్రం చిరునామా ఇస్తే అది ప్రమాణంలోని నిబంధనలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది. మామూలు వాడుకరి ఎన్నడూ అడగనివి అడగడమే దాని బలం. సర్వీసులో లేని లేయర్‌ను, అంటే పటపు పొరను, అడిగి, ఆ సంగతి తెలిపే నిర్ణీత దోష సంకేతం తిరిగి వచ్చిందా అని చూస్తుంది. అభ్యర్థనలో రాసే పారామీటర్ల పేర్లను ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా ఒకే జవాబు రావాలన్న నియమాన్ని కూడా సరిచూస్తుంది. సర్వర్ ముందు మనమే రాసి పెట్టుకున్న చిన్న ప్రోగ్రాములు ఎక్కువగా దెబ్బతినేది ఈ నియమం దగ్గరే. క్యూజీఐఎస్ ఎప్పుడూ ఒకే తీరున అడుగుతుంది కనుక ఆ లోపం దానికి చిక్కదు.

దీనికీ పరిమితి ఉంది. డేటాపై ఆధారపడిన పరీక్షల కోసం ఓజీసీ ఇచ్చే నమూనా డేటాను సర్వర్‌లోకి ఎక్కించాలి, కాబట్టి ఆ భాగం తేల్చేది సర్వర్ నడవడికనే గాని మన డేటా నాణ్యతను కాదు. శింగనమల చెరువు నిరూపకాలను తారుమారుగా ఎక్కించినా పరీక్షలన్నీ నెగ్గవచ్చు. ఆ తప్పు దొరకాలంటే మనిషి కళ్లతో, ఉపగ్రహ చిత్రం మీద మన లేయర్‌ను పరచి చూడవలసిందే. అందుకే తెరిచి చూడటాన్ని నేను తీసేయడం లేదు, రెండో మెట్టుగా ఉంచుతున్నాను. అది కూడా ఏ టిక్కులూ పెట్టని కొత్త కనెక్షన్‌తో, ఆఫీసు నెట్‌వర్క్‌కు బయట ఉన్న కంప్యూటర్ నుంచి, క్యూజీఐఎస్‌తో పాటు మరొక సాఫ్ట్‌వేర్‌లోనూ చేయాలి.

ఖర్చు విషయానికి వస్తే, పరీక్షలు నడుపుకోవడానికి పైసా అక్కర్లేదు, ఓజీసీ ధ్రువీకరణ ముద్ర కావాలంటేనే రుసుము కట్టాలి. టెండరులో ఆ ముద్రను ప్రత్యేకంగా అడిగితే తప్ప చిన్న బృందం దానికోసం డబ్బు పెట్టనక్కర్లేదు. సర్వర్ వెర్షన్ మార్చినప్పుడూ, ప్రాక్సీ అమరికను కదిపినప్పుడూ టీమ్ ఇంజిన్‌ను మళ్లీ నడిపి, ఆ నివేదికను పటాలతో పాటు అందుకునేవారికి ఇస్తే, రెండు వైపులా ఎవరి లోపం ఎక్కడుందో వాదులాట లేకుండా తేలుతుంది.